గొంతు వణకని రోజు

షేర్లు కొనిపెట్టి, అమ్మిపెట్టే ఆ ఆఫీసులో ఫోన్ల గదికి కిటికీల్లేవు. మూడు వైపులా గోడలు, నాలుగో వైపు మెట్ల వరండాలోకి కనిపించే అద్దం, కింద అడుగుల చప్పుడు మింగేసే మెత్తటి తివాచీ. హెడ్‌ఫోను తగిలించుకుంటే నీళ్ళలో మునిగినట్టే. బయటి లోకం ఎటో పోతుంది, ఎక్కడెక్కడి గొంతులు తేలుతూ వచ్చి చెవిలో చేరతాయి.

ఆ గదిలో ఆమెని నిదానమ్మ అనేవాళ్ళు, మాట అంత నెమ్మది కాబట్టి. పక్క కుర్చీలో కూర్చునే ఆమె గడగడమ్మ. ఎందుకో వేరే చెప్పాలా.

ఆఫీసు రూలు ఒకటే. ఫోన్లో మనిషి ఏది అమ్మమన్నాడో, ఎన్ని అమ్మమన్నాడో అంతా తిరిగి చదివి వినిపించాలి. అవతలి మనిషి "అవును" అన్నాకే మీట నొక్కాలి. గడగడమ్మ ఆ చదవడమంతా ఒక్క ఊపిరిలో లాగించేసేది. అవతలివాళ్ళకి ముందు మాటలు అర్థమయ్యేలోపు చివరి మాట వచ్చేసేది, వాళ్ళు అవునని ఊరుకునేవాళ్ళు. నిదానమ్మ అలా కాదు. కంపెనీ పేరు చెప్పి కాస్త ఆగేది. ఎన్ని వాటాలో చెప్పి కాస్త ఆగేది. ధర చెప్పి ఇంకాస్త ఆగేది. ఆ తర్వాత, "నేను సరిగ్గానే విన్నానాండీ? అమ్మమంటారా?" అని అడిగి, ఎదురుగా ఉన్న మనిషి మొహం చూస్తున్నంత ఓపిగ్గా ఎదురుచూసేది. ఆ ఖాళీలో కొందరికి మనసు మారిపోయేది. "ఉండమ్మా, రేపు చేస్తాను" అని పెట్టేసేవాళ్ళు.

ఇందులో ఆమె తెలివేమీ లేదు, ఉన్నమాట చెప్పుకోవాలి. ఏ షేరు పెరుగుతుందో, ఏది తరుగుతుందో ఆమెకి తెలిసింది సున్నా. తన డబ్బు పెట్టిన కంపెనీలు ఏం తయారుచేస్తాయని అడిగినా నీళ్ళు నమిలేది. పుట్టడమే నెమ్మదిగా మాట్లాడుతూ పుట్టింది, అంతే. అయితే ఒక్క పిచ్చి మాత్రం ఉండేది. గొంతుల వెనకాల వినిపించే చప్పుళ్ళు పట్టుకుని ఆ మనుషుల ఇళ్ళు ఊహించుకునేది. ఒకావిడ మాట్లాడినంతసేపూ వెనక కుట్టుమిషను ఆడుతూ ఉండేది. ఆమె కుట్టుమిషను అక్క. రంగు రంగుల గుడ్డముక్కల మధ్య, భుజాన ఫోను నొక్కిపెట్టుకుని కూర్చున్న మనిషి నిదానమ్మ కళ్ళకి కట్టినట్టు కనబడేది. ఇంకొకాయన వెనక కుక్కపిల్ల కుయ్‌కుయ్‌మనేది. రోజూ మధ్యాహ్నం ఫోను చేసే ముసలాయన వెనక గోడగడియారం ఒకటి టిక్కుటిక్కుమంటూ కొట్టుకునేది. లెక్కల మాస్టారు చేసి రిటైరయ్యానని ఆయనే చెప్పాడు కాబట్టి ఆయన గడియారం మాస్టారు. ఆయన ఎప్పుడూ ఏదీ అమ్మడు. ధర అడుగుతాడు, విని "ఊఁ, ఉండనీ" అంటాడు, పెట్టేస్తాడు. ఆ "ఉండనీ" విన్నాక నిదానమ్మకి మధ్యాహ్నం టీ తాగినంత హాయిగా ఉండేది.

ఆమె సొంత డబ్బు కూడా ఆ ఆఫీసు ద్వారానే షేర్లలో ఉంది. అది షెడ్డు డబ్బు. ఆమె భర్త సోఫాలు బాగుచేసే మేస్త్రి. పెళ్ళైనప్పట్నుంచీ అద్దె షెడ్డులోనే పని. షెడ్డు యజమాని వచ్చే ఏడాది అమ్ముతానని, అమ్మితే ముందు మీకే చెప్తానని మాటిచ్చాడు. షెడ్డు సొంతమైతే తూర్పు గోడకి కిటికీ కొట్టించుకుని, గుడ్డల రంగులు ట్యూబులైటు కింద కాకుండా పగటి వెలుతురులో చూసుకోవాలని మేస్త్రి కోరిక. కోరికంటే అదొక్కటే ఆయనకి. "ఆ డబ్బు జోలికి పోవద్దు. షెడ్డు చేతికొచ్చేదాకా అది మనది కాదనుకో" అనేవాడు. ఆ వెంటనే, "నువ్వు అక్కడే కూర్చుంటావు కదా, నాకేం భయం" అని కూడా అనేవాడు.

*

సోమవారం పొద్దున మార్కెట్టు పడింది. పడుతుంటుంది, లేస్తుంటుంది, దానికేముంది అనుకున్నారు. మధ్యాహ్నానికి ధరలు చూపించే గోడమీది తెర ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఎర్రబడింది. గదిలో దీపాలకన్నా ఆ తెర వెలుగే ఎక్కువై, అందరి చేతులూ ఎర్రగా కనిపించాయి.

ఫోన్లు ఆగలేదు. ఒక గొంతు పోతే దాని వెనకే ఇంకో గొంతు. మేనేజరు కుర్చీల మధ్య తిరుగుతూ, "త్వరగా, త్వరగా. లైన్లో జనం ఆగి ఉన్నారు" అని అందరికీ చెప్పి, నిదానమ్మ దగ్గరికొచ్చేసరికి కాస్త వంగి, "మీరు కూడానండీ" అన్నాడు.

ప్రయత్నం చేసింది పాపం. కుదర్లేదు. నోరు దాని దారిన అదే ఆగి ఆగి చదివింది.

"అన్నీ అమ్మెయ్యి తల్లీ, ఉన్నవన్నీ" అంది కుట్టుమిషను అక్క. వెనకాల మిషను ఆడటం లేదు. కుట్టు మధ్యలో ఆపేసినట్టుంది.

నిదానమ్మ చదివింది. ఆగింది. ధర చెప్పింది. ఆగింది.

"ఇంత తక్కువకా?" అంది అక్క.

"ఇప్పుడున్న ధర అదేనండీ. అమ్మమంటారా?"

మిషను చక్రం ఒక్కసారి తిరిగిన చప్పుడు. "నువ్వైతే ఏం చేస్తావమ్మా?"

"మేం సలహా చెప్పకూడదండీ."

"చెప్పకూడదా. సరే అయితే. వద్దులే, పెట్టెయ్" అని ఆమే పెట్టేసింది.

కుక్కపిల్ల ఆయన అరిచాడు. తన డబ్బు మీరే తినేశారన్నాడు, మిమ్మల్ని ఊరికే వదలనన్నాడు, అన్నీ అన్నాక సారీ చెప్పి ఏడ్చాడు. కుక్కపిల్ల మాత్రం కిక్కురుమనలేదు. నిదానమ్మ ఆయనకీ అంతా చదివి వినిపించింది. ఆయన అవునన్నాడు, ఆమె మీట నొక్కింది. ఇంకొకావిడ ఏమీ చెప్పకుండా ఊరికే ఊపిరి పీలుస్తూ ఉండిపోయింది. ఆ ఊపిరి విన్నంతసేపూ నిదానమ్మ తనకే తెలియకుండా అదే తీరున ఊపిరి తీసింది.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. భయం కళ్ళతో చూస్తే మొహం తిప్పుకోవచ్చు. చెవిలో పోస్తుంటే ఎటు తిప్పుకుంటారు? అంతమంది భయం ఆమె చెవుల్లోంచి లోపలికి పోతూనే ఉంది, బయటికొచ్చే దారి మాత్రం లేదు. ఆమె గొంతు ఎప్పటిలాగే చల్లగా, నెమ్మదిగా ఉంది. ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది.

సాయంత్రం బయటపడితే వీధి వింతగా ఉంది. పళ్ళ బండివాడు పళ్ళు తుడుస్తున్నాడు. పిల్లలు గోడకేసి బంతి కొడుతున్నారు. ఎవరికీ ఏమీ తెలిసినట్టు లేదు. చెవులకి హెడ్‌ఫోను లేకపోయినా ఉన్నట్టే, అందరూ గాజుకి అవతల నడుస్తున్నట్టే అనిపించింది. ఇంటికి పోకుండా అలా షెడ్డుకి పోయింది.

మేస్త్రి పెద్ద సోఫా ఒకటి బోర్లించి, అడుగున తెగిన పట్టీలు ఊడదీస్తున్నాడు. కొత్త పట్టీ ఒక అంచున బిగించి, రెండో అంచు చెక్కతో లాగిపట్టి, వేలితో మీటి చూశాడు. డబ్‌మని మోగింది. వదులుగా ఉందని మళ్ళీ లాగాడు.

"ఏంటోయ్, మార్కెట్టు పడిందట కదా. టీ కొట్టు దగ్గర అంటున్నారు" అన్నాడు తలెత్తకుండా.

"పడింది. అవే సర్దుకుంటాయి" అంది.

"అంతేనా?"

"అంతే."

"సరే" అని పట్టీ మీటాడు. ఈసారి గట్టిగా మోగింది.

*

మంగళవారం ఇంకా పడింది. బుధవారం పడలేదు, లేచినట్టే లేచి, పెందలాడే ఇంటికి పోదామనుకునే వేళకి మళ్ళీ జారింది. గదిలో ఎవరూ క్యారేజీ మూతలు తియ్యలేదు. గడగడమ్మకి గొంతు బొంగురుపోయింది. ఆ బొంగురు గొంతుతోనే గడగడా చదివేది.

గడియారం మాస్టారు మాత్రం రోజూ ఫోను చేశాడు, ధర అడిగాడు, "ఊఁ, ఉండనీ" అన్నాడు. ఆ మూడు రోజులూ నిదానమ్మ ఆ ఒక్క ఫోను కోసమే కూర్చుందంటే అబద్ధం కాదు. లెక్కలు చెప్పిన మనిషి. ఊరికే అనడు కదా. ఆ టిక్కుటిక్కు వింటూ, చుట్టూ పుస్తకాలున్న గది, పడక్కుర్చీ, ఒడిలో మడిచిన పేపరు, అన్నీ ఊహించుకునేది. ఆ గదిలో తనూ ఓ మూల స్టూలు మీద కూర్చున్నట్టు ఉండేది.

గురువారం మధ్యాహ్నం మాస్టారి ఫోను వచ్చింది. వెనకాల గడియారం లేదు.

ముందు ఆమెకి ఏం తక్కువైందో తెలియలేదు. గొంతు అదే. కానీ దాని వెనక ఏమీ లేదు, ఖాళీ ఇంట్లోంచి మాట్లాడుతున్నట్టుంది.

"ఇవాళ ధర చెప్పనక్కర్లేదమ్మా. ఉన్నవన్నీ అమ్మెయ్" అన్నాడు. తడబాటు లేదు, తొందర లేదు. పిల్లలకి లెక్క చెప్పినట్టే చెప్పాడు.

నిదానమ్మ చదివింది. ఎప్పుడూ ఆగనంతసేపు ఆగింది. మనసులో వద్దు వద్దు అనుకుంటూ ఆగింది.

"అవును" అన్నాడు మాస్టారు.

మీట నొక్కింది. హెడ్‌ఫోను తీసి బల్లమీద పెట్టింది. ఈయనే అమ్మేశాడంటే ఇంక అయిపోయిందన్నమాట. లెక్క తేల్చేసుంటాడు. గడియారం కూడా తీసేశాడంటే ఇల్లే ఖాళీ చేస్తున్నాడేమో. తెలిసినవాళ్ళందరూ నెమ్మదిగా లేచి పోతున్నారు, తెలియనివాళ్ళం మనమే మిగిలాం. ఇలా సాగింది ఆమె ఆలోచన. ఇదంతా ఒక గడియారం వినపడనందుకు. ఇంకెవరికైనా చెబితే నవ్వుతారు, కానీ చెవులే కళ్ళుగా బతికిన మనిషికి ఆ నిశ్శబ్దం కన్నా పెద్ద సాక్ష్యం ఏముంటుంది.

స్టాఫు తమ కుర్చీలోంచి తమ షేర్లు ముట్టుకోకూడదు. బయటినుంచి అందరిలాగే ఫోను చెయ్యాలి. ఆమె మెట్ల వరండాలోకి వచ్చి, అద్దం పక్కన నిలబడి, సొంత ఫోనులోంచి ఆఫీసు నంబరు నొక్కింది. లోపల గడగడమ్మ చెయ్యి చాచి మీట నొక్కడం కనిపించింది. పెదవులు అక్కడ కదిలాయి, గొంతు ఇక్కడ చెవిలో పలికింది.

"అన్నీ అమ్మేయాలండీ" అని తన ఖాతా నంబరు చెప్పింది నిదానమ్మ.

గడగడమ్మ తలెత్తింది. అద్దంలోంచి ఇటు చూసింది. ఏమీ అనడానికి లేదు. ప్రతి మాటా రికార్డవుతుంది. గడగడమ్మ ఒక పని చేసింది. బతుకులో ఎప్పుడూ చెయ్యనిది. నెమ్మదిగా చదవడం మొదలుపెట్టింది. కంపెనీ పేరు చెప్పి ఆగింది. నిదానమ్మ ఆగినట్టే, అచ్చం అంతసేపే ఆగింది. ఎన్ని వాటాలో చెప్పి ఆగింది. ఆ ఆగడంలో, అమ్మొద్దు, ఒక్కసారి ఆలోచించుకో, అన్న మాట ఎంత గట్టిగా ఉందో నిదానమ్మకి తెలుసు. ధర చెప్పడానికి గడగడమ్మ నోరు తెరిచింది.

"అవును" అంది నిదానమ్మ, పూర్తి కానివ్వకుండా.

*

సాయంత్రం మేస్త్రి అడిగాడు, మార్కెట్టు ఎలా ఉందని. ఆమె టీ గ్లాసు ఆయన చేతికిస్తూ, "అవే సర్దుకుంటాయి" అంది. ఆ మాటలో అబద్ధం లేదు కూడాను. సర్దుకున్నాయి.

శుక్రవారం ఆగింది. సోమవారం లేచింది. మంగళవారానికి తెర పచ్చగా మారి, ఎర్రగా కనిపించిన చేతులే పచ్చగా కనిపించాయి. జనం నవ్వుతూ ఫోను చేశారు. కుట్టుమిషను అక్క మిషను ఆపకుండానే మాట్లాడింది. "ఆ రోజు నువ్వు ఆగబట్టి నేనూ ఆగాను తల్లీ. లేకపోతే నిండా మునిగేదాన్ని."

"నేనేం చేశానండీ" అంది నిదానమ్మ. ఆమెకి ఏడుపొచ్చింది. అయినా గొంతు మాత్రం మంచినీళ్ళలా ఉంది.

షెడ్డు డబ్బు ఆమె ఖాతాలో పడే ఉంది. దాంతో ఇప్పుడు షెడ్డులో సగం కూడా రాదు. మళ్ళీ కొందామంటే, అమ్మిన ధరకన్నా ఎంతో పైకిపోయాయి. కూడబెట్టిన ఏళ్ళు కళ్ళముందే పోయాయి, పోగొట్టింది తనే. ఇంటికి పోయి మేస్త్రి మొహం చూడాలంటే కాళ్ళు రావడం లేదు. రోజూ రేపు చెబుదామనుకుంటోంది.

బుధవారం హెడ్డాఫీసు నుంచి ఒకాయన ట్రైనింగు ఇవ్వడానికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో చిన్న రిమోటు. మార్కెట్టు పడినప్పుడు కస్టమర్లు మూడు రకాలుంటారన్నాడు. ఏడ్చేవాళ్ళ రికార్డు ఒకటి వినిపించాడు. అరిచేవాళ్ళది ఒకటి వినిపించాడు. కుక్కపిల్ల ఆయనదే అది, కొందరు నవ్వారు.

"ఇక మూడో రకం. ఆలోచించి నిర్ణయం తీసుకునేవాళ్ళు. వీళ్ళు చాలా తక్కువ. గొంతు గమనించండి" అని రిమోటు నొక్కాడు.

"అన్నీ అమ్మేయాలండీ" అంది గోడమీది స్పీకరు.

ఖాతా నంబరు కత్తిరించేశారు. గడగడమ్మ చదవడం వినిపించింది, ఆగి, ఆగి. ఆ తర్వాత, "అవును."

"చూశారా? మనం చదవడం పూర్తయ్యేదాకా కూడా ఆగలేదు. అంత స్పష్టత. భయం లేదు, వణుకు లేదు. అన్నీ లెక్క చూసుకున్న మనిషి" అన్నాడాయన.

గదిలో ఎవరూ పోల్చుకోలేదు. గడగడమ్మ ఒక్కతే తల వంచుకుని, గోళ్ళ రంగు గీక్కుంటూ కూర్చుంది. నిదానమ్మ తన గొంతు తనే వింది. ఆయన చెప్పింది నిజమే. ఎంత చల్లటి గొంతు. ఎంత తెలిసిన గొంతు. గడియారం ఆగిందని భయపడిపోయిన మనిషి ఆ గొంతులో ఎక్కడా లేదు. ఎవరైనా విని ఉంటే, ఈవిడే అమ్మేసిందంటే ఇంక అయిపోయిందన్నమాట అనుకునేవాళ్ళు.

మధ్యాహ్నం మాస్టారు, అమ్మేశాక మొదటిసారి, ధర అడగడానికి ఫోను చేశాడు. వెనకాల గడియారం కొట్టుకుంటోంది.

రూలు ఎలా ఉన్నా, ఆమె అడిగేసింది. "మాస్టారూ, ఆ రోజు మీ గడియారం వినపడలేదండీ."

అవతల కాసేపు టిక్కుటిక్కే వినిపించింది. "నీకు వినపడుతుందా ఇది?" అన్నాడు ముసలాయన. "ఆపేశానమ్మా ఆ పొద్దున. ఒక్కో టిక్కుకీ కొంచెం కొంచెం పోతున్నట్టే ఉండేది. స్టూలెక్కి నేనే ఆపేశాను. అప్పటికీ నిలవలేక నీకు ఫోను చేశాను. ఎవరితోనూ అనకు, సిగ్గుచేటు."

"లెక్క చూసుకుని అమ్మారనుకున్నానండీ."

"లెక్కా? ఆ రోజు నాకు కూడికలు కూడా రాలేదు."

*

సాయంత్రం ఆమె ఇంటికి పోలేదు. వీధిలో ఎండ పల్చబడి, మనుషులూ నీడలూ ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నట్టున్నాయి. ఎవరో పలకరిస్తే ఏం బదులు చెప్పిందో ఆమెకే తెలియదు. షెడ్డు తలుపు దగ్గర నిలబడింది.

మేస్త్రి కుర్చీ ఒకటి ఒళ్ళో పెట్టుకుని, నీలం గుడ్డ అంచు మడిచి మేకులు కొడుతున్నాడు. చిన్న చిన్న మేకులు గుప్పెడు నోట్లో పోసుకుని, నాలుకతో ఒక్కొక్కటి పెదాల మీదికి తెచ్చి అయస్కాంతమున్న సుత్తి మొనకి అందిస్తాడు. అలాంటప్పుడు ఆయన మాట్లాడటం కుదరదు. ఆమెని చూసి కనుబొమలెగరేశాడు, ఏంటని.

"షెడ్డు డబ్బు" అంది. అక్కడే గొంతు వణికింది. ఆపుకోవాలనుకోలేదు. "అమ్మేశానండీ. అన్నీ. బాగా పడిపోయిన రోజున. మీకు చెప్పకుండా అమ్మేశాను. ఇప్పుడు సగం షెడ్డు కూడా రాదు."

ఆయన చెయ్యి ఆగింది. ఆమెనే చూశాడు. తర్వాత ఒక మేకు తీసి కొట్టాడు. ఇంకొకటి కొట్టాడు. గుడ్డ అంచు వెంబడి వరసగా, నోరు ఖాళీ అయ్యేదాకా కొడుతూనే ఉన్నాడు. ఆమె నిలబడే ఉంది.

"ఏ రోజు?" అన్నాడు చివరికి.

"గురువారం."

"గురువారం సాయంత్రం నేను అడిగాను."

"అడిగారు."

"అవే సర్దుకుంటాయన్నావు. టీ కూడా ఇచ్చావు."

ఆయన మొహం ఎర్రబడింది. కుర్చీ పక్కన పెట్టి లేచాడు, తూర్పు గోడ దాకా పోయాడు, అక్కడ చేసే పనేమీ లేక మళ్ళీ వచ్చాడు.

"పోతే పోయింది షెడ్డు. పోయిందని కడుపు మండుతోంది, లేదనను. ఇన్నాళ్ళూ అద్దె కట్టాం, ఇంకా కడతాం. కానీ అంత భయమేస్తే నాతో ఎందుకు చెప్పలేదు?"

"రాత్రి చెబుదామంటే మీరు హాయిగా నిద్రపోయేవారు. ఎలా చెప్పను? కదిలితే లేస్తారేమోనని, చెయ్యి తిమ్మిరెక్కినా కదలకుండా పడుకున్నాను."

మేస్త్రి సుత్తి కింద పెట్టాడు.

"నేను నిద్రపోయానని ఎవరు చెప్పారు నీకు?"

ఆమె తలెత్తింది.

"ఆ వారమంతా నాకు కన్ను మూతపడితే ఒట్టు. అటు తిరిగి గోడ చూస్తూ పడుకునేవాణ్ణి. ఎన్నిసార్లో నిన్ను లేపి అడుగుదామనుకున్నా. నువ్వు చూస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు. మార్కెట్టులో కూర్చునే మనిషే గుర్రుపెట్టి నిద్రపోతోంది, ఇంకేం భయంరా అని సర్దిచెప్పుకున్నా."

ఆమె గోడకి ఆనుకుంది. ఆయన మేకులు కొట్టిన కుర్చీ దగ్గరికి లాగి ఆమెని కూర్చోబెట్టాడు. తను నేలమీదే కూలబడ్డాడు. షెడ్డులో వెలుతురు తగ్గిపోతోంది, ఇద్దరిలో ఎవరూ లైటు వెయ్యలేదు.

"నేను గుర్రుపెట్టానా?" అంది ఆమె కాసేపటికి.

ఆయన ఆలోచించాడు.

"లేదు. పెడుతున్నావనే అనుకున్నాను."